తడి గింజలు

సూర్యాపేట వ్యవసాయ మార్కెట్‌లో వడ్ల రాశుల పక్కగా నడిచినప్పుడల్లా మాకు ఒక హదీసు గుర్తుకు వస్తుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూశారు. పైన గింజలు పొడిగా ఉన్నాయి, లోపల వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

నేడు వడ్ల కొనుగోలు కేంద్రాల్లో ఆ పని తేమ కొలిచే యంత్రం చేస్తోంది. 17 శాతం దాటితే ఆరబెట్టి తెమ్మంటారు. రైతుకు కష్టం కలగవచ్చు గాని, తనను దొంగ అన్నారని అనుకోడు. పరీక్షా కేంద్రం ద్వారం వద్ద గుర్తింపు కార్డు అడిగితే మాత్రం మనలో కొందరికి కోపం వస్తుంది.

మేము మిర్యాలగూడలో పాఠాలు చెబుతున్న రోజుల మాట. సుమారు పదిహేనేళ్లయింది. కోదాడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. కొడుకును సౌదీకి పంపాలి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టుపై వలస అనుమతి షరతు ఉండదు. ఓపెన్ స్కూల్ పరీక్షకు ఫీజు కట్టారు గాని అబ్బాయికి చదువు రాదు. "హజ్రత్, మీ శిష్యుల్లో ఒకరిని పంపండి" అన్నారు. మేము సరేననలేదు, వద్దనీ అనలేదు. ఆయన మా మదరసాకు చందా ఇచ్చేవారు.

హిఫ్జ్ పూర్తి చేసిన ఒక పిల్లవాడు వెళ్లి ఆ పరీక్షలు రాసి వచ్చాడు. హాల్‌టికెట్ మీది మసక ఫోటోను ఎవరూ పట్టించుకోలేదు. నెల తర్వాత వాడు మా దగ్గరికి వచ్చి, "హజ్రత్, ఆ డబ్బుతో అమ్మీకి మందులు కొన్నాను. అది హలాలేనా?" అని అడిగాడు. తిరిగి ఇచ్చేయమని చెప్పి మా జేబులోంచే ఆ సొమ్ము ఇచ్చాము. కాని మా మౌనాన్ని తిరిగి ఇచ్చే మార్గం మాకు దొరకలేదు.

ఇప్పుడు ఆధార్ వేలిముద్ర ఉంది. పాఠశాల పిల్లలకు పన్నెండంకెల అపార్ సంఖ్య ఇస్తున్నారు. ఆనాడు ద్వారం దగ్గర అలాంటి తనిఖీ ఉంటే ఆ పిల్లవాడు వెనుదిరిగి వచ్చేవాడు. ఒక పాపం నుంచి బయటపడేవాడు.

అయితే కార్డుతోనే అంతా చక్కబడుతుందని అనుకోకూడదు. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్షలో బయోమెట్రిక్ తీసుకున్నారు. అయినా ప్రశ్నపత్రం లోపలి నుంచే బయటికి పోయింది, 2023 మార్చిలో పరీక్ష రద్దయింది. జూన్ 11న తిరిగి నిర్వహించినప్పుడు బయోమెట్రిక్ తీసుకోలేదు. ఆ లోపాన్ని ఎత్తిచూపుతూ సెప్టెంబరులో హైకోర్టు దానినీ రద్దు చేసింది. 2025 మార్చిలో మన పక్కనే ఉన్న నకిరేకల్‌లో పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రాన్ని కిటికీలోంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. కార్డు ముఖాన్ని పోల్చగలదు గాని కిటికీకి కాపలా కాయలేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మన పిల్లల పేరు ఒకచోట 'మహమ్మద్' అని, మరోచోట 'ఎం.డి.' అని ఉంటుంది. కంప్యూటర్‌కు వారిద్దరూ వేర్వేరు మనుషులు. పాఠశాల రికార్డులోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేలా హాల్‌టికెట్లు రాకముందే సరిచేయించండి. నిఖాబ్ ధరించే ఆడపిల్లలను కాస్త ముందుగా పంపండి. తనిఖీ మహిళా సిబ్బందితో చేయించమని మర్యాదగా కోరండి. నిజాయితీపరుడైన విద్యార్థి అక్షరదోషం వల్ల గేటు బయట నిలబడకూడదు.

మన భుజాల వద్ద కూర్చుని రాస్తున్న దైవదూతలకు ఏ కార్డూ అవసరం లేదని పిల్లలకు రోజూ చెబుతాము. ఆ మాట ముందు మాకు వర్తిస్తుందని ఆ హాఫిజ్ ప్రశ్న మాకు నేర్పింది. ఇతరులు చేయి పెట్టి చూడకముందే మన రాశిలోని తడిని మనమే పైకి తీసే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.