ఆర్ట్స్ కాలేజీ అసలు రంగు

తార్నాక మెట్రో దిగి, ఆటో పట్టుకుని ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు దిగేసరికి సాయంత్రం ఐదు. మెట్ల మీద గ్రూప్స్‌కి చదువుకునేవాళ్లు, ఓ పక్క ప్రీ వెడ్డింగ్ షూట్. బాపు నాలుగు మెట్లెక్కి, తెల్ల చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. ఎనభైల్లో ఇక్కడే ఎం.ఏ. చదివాడు. ఫొటో తీసి చూపించాను.

"ఇదేందిరా, సున్నం కొట్టినట్టున్నది! మా కాలేజీ రంగు ఇది కాదు."

నిజమే. 1939లో ప్రారంభమైన ఈ భవనానిది గులాబీ ఛాయ గ్రానైట్. సాయంత్రపు ఎండలో ఇంకా ఎర్రబడుతుంది. నా కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంది. ఫ్రేమ్ నిండా ఒకే ఛాయ ఉంటే అది వెలుతురు తప్పనుకుని చెరిపేసింది.

పోయిన నెల దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. విశాఖలో రుషికొండ దగ్గర స్కూబాకి వెళ్తే, నీళ్లలో తీసిన ఫొటోలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. నీళ్లు ముందు మింగేది ఎరుపునే. ఐదారు మీటర్ల లోతుకే చాలావరకు పోతుంది. తార్నాక రూమ్‌లో కూర్చుని రాత్రంతా రా ఫైళ్లతో కుస్తీ పట్టాను. రా ఫైల్‌లో వైట్ బ్యాలెన్స్ అంటే పక్కన పెట్టిన చీటీ లాంటిది, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. కానీ సెన్సర్ దాకా రాని ఎరుపును ఏ స్లైడరూ పుట్టించలేదు. బలవంతంగా లాగితే వచ్చేది గరుకు గరుకు నాయిసే. అందుకే నీళ్లలో ఉన్నప్పుడే జాగ్రత్తపడాలి. బాగా దగ్గరికెళ్లి తీయాలి, లైటు వేసుకోవాలి. లైటు లేకపోతే లోతు మారినప్పుడల్లా ఓ బూడిదరంగు పలకను ఫొటో తీసుకోవాలి. ఎడిటింగ్‌లో ఆ పలక మీద క్లిక్ చేస్తే మిగతా రంగులు చాలావరకు దారికొస్తాయి.

ఇక్కడ పలక ఎందుకు, బాపు చొక్కా ఉందిగా! ల్యాప్‌టాప్ తీసి దాని మీద క్లిక్ చేశాను. చొక్కా తెల్లబడింది, బండకు గులాబీ వచ్చింది. సాయంత్రం మాత్రం పోయింది. పగటి ఎండకు సరిపడే 5,500 కెల్విన్ పెట్టాను. చొక్కా పసుపెక్కింది, సాయంత్రం తిరిగొచ్చింది.

"ఏది కరెక్ట్ బాపూ?"

ఆయన ఫొటో చూడలేదు. భవనం వైపే చూస్తూ ఒక్కో కన్ను మూస్తున్నాడు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి నెలయింది, ఎడమది ఇంకా కావాలి. శుక్లం పట్టిన కన్ను లోకాన్ని పసుపు చేస్తుంది, కానీ మెల్లమెల్లగా కాబట్టి మనకు తెలియదు. బాపు ఎడమకన్ను మూసి, కుడికంటితో చాలాసేపు చూశాడు.

"నేను సీటొచ్చి దిగిన రోజు గిట్లనే ఉండె" అన్నాడు. "ఈ మధ్య పాతబడ్డదనుకున్న. పాతబడ్డది నా కన్నురా."

5,500 దగ్గరే ఉంచి, ఆ ఫొటో ఫ్రేమ్ కట్టించాను. మీరూ ఓ సాయంత్రం అక్కడికెళ్లండి. ఆటో దిగాక, కెమెరాలో ఆటో కూడా తీసేయండి.