వేరుబుడిపెలోని ఎరుపు

ఉద్యోగరీత్యా సూరత్ జిల్లాలోని కడోదరాకు వచ్చి ఆరేండ్లయింది. ఇక్కడ రహదారి వెంట బట్టల మిల్లులు, వాటి ప్రహరీలు దాటితే చెరకు తోటలు. గత శీతకాలంలో ఒక ఆదివారం ఉదయం నడకకు వెళ్ళి, ఆ తోటల నడుమ చిక్కుడు చేలో కలుపు తీస్తున్న ఒక వృద్ధ రైతును చూసి ఆగిపోయాను. ఆ చిక్కుడును ఇక్కడివారు పాపడీ అంటారు. అది లేనిదే ఉత్తరాయణ పండుగనాటి ఊంధియు కూర లేదు.

"కాకా, ఒక మొక్క వేరు చూడవచ్చునా?" అని వచ్చీరాని గుజరాతీలో అడిగాను. ఆయన నవ్వి తానే తవ్వి ఇచ్చాడు. వేళ్ళకు ఆవగింజలవంటి బుడిపెలు. ఒకదానిని గోటితో చిదిపాను. లోపల లేత ఎరుపు.

అనంతపురం జిల్లాలో మా నాయన చెనిక్కాయ చేలో సరిగ్గా ఇలాగే చూసేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1998 ఖరీఫులో, సెలవుపై వెళ్ళిన నేను పైరు వెలవెలబోతున్నదని రెండు విడతలు యూరియా వేయించాను. "చెనిక్కాయకు ఇంతెందుకు నాయనా?" అన్నారాయన. అయినా చదువుకున్న కొడుకు మాట కాదనలేదు. ఆకు అడవిలా పెరిగింది. కాయ మాత్రం దిగలేదు. వానల తప్పూ కొంత ఉండవచ్చు. కాని పీకిన మొక్కలకు బుడిపెలు అరకొరగా, పాలిపోయి ఉండడం నేను చూశాను. ఆ ఏటి అప్పు మరుసటి ఏటికి మోయవలసివచ్చింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు.

తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ బుడిపెలలోని బాక్టీరియాను 1888లో వేరుచేసినవాడు హాలెండు శాస్త్రజ్ఞుడు బైజెరింక్. వాటిలోని నైట్రోజినేజ్ అనే ఎంజైము గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ఎరువుల కర్మాగారంలో ఇదే పనికి 400 డిగ్రీల వేడి, వంద రెట్లకు మించిన వాతావరణ పీడనం కావాలి. ఇక్కడ మట్టి వెచ్చదనం చాలు. అయితే ఈ ఎంజైముకు ప్రాణవాయువు గిట్టదు. అందుకని మొక్క, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు చుట్టమైన ఒక ఎర్రని ప్రోటీనును బుడిపెలో నింపి, ప్రాణవాయువును కొలిచి అందిస్తుంది. నేను చిదిపి చూసిన ఎరుపు అదే. పుట్టిన అమ్మోనియాను అందుకోవడానికి గ్లుటమైన్ సింథటేజ్ అనే మొక్క ఎంజైము కూడా బుడిపెలో చురుకుగా పనిచేస్తుంది. నేలలో నత్రజని ఎరువు మితిమీరితే మొక్కకు ఈ అతిథుల అవసరం తగ్గుతుంది. బుడిపెలు తగ్గుతాయి, నైట్రోజినేజ్ మందగిస్తుంది. ఆ పొత్తును చెడగొట్టినది నా ధీమా.

ఆ రాత్రి నాయనకు ఫోను చేశాను. నాటి యూరియా మాట ఎత్తబోయాను. ఆయన విననట్టే, "అక్కడి చిక్కుడుకు బుడిపెలు బాగా పట్టినాయా?" అని అడిగారు.