బిజినెస్ అనలిస్ట్ అంటే ఏం వ్యాపారమమ్మా?

మా అమ్మాయి బెంగళూరులో బిజినెస్ అనలిస్ట్. ఈ మాట చెప్పినప్పుడల్లా తిరుపతిలో మా చుట్టాలు రెండే ప్రశ్నలు అడుగుతారు. "ఏం వ్యాపారమమ్మా?" అని పెద్దవాళ్లు. "పాపకి కోడింగ్ రాదా?" అని చదువుకున్నవాళ్లు.

ఈ మధ్య ఈ ఉద్యోగం గురించి గట్టిగా తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది. చిత్తూరులో ఉండే మా చెల్లెలి కూతురు బీకాం అయిపోయి ఇంట్లో ఉంది. అక్కలాగే తనూ ఆ ఉద్యోగమే చేస్తానంటోంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు లక్షన్నర కడితే ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అన్నారట. మా చెల్లెలు గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడి, "ఏం చేద్దామక్కా?" అని ఫోన్ చేసింది. అవి మా అమ్మ పెట్టిన గాజులు. అందుకే సలహా చెప్పేముందు మా అమ్మాయిని కూర్చోబెట్టి, "రోజంతా నువ్వు చేసే పని ఏందే?" అని అడిగాను.

"ఒకరికి ఏదో ఇబ్బంది ఉంటుందమ్మా. దానికి ప్రోగ్రాం రాసేవాళ్లు వేరే ఉంటారు. వీళ్ల మాట వాళ్లకు అర్థం కాదు, వాళ్ల మాట వీళ్లకు అర్థం కాదు. మధ్యలో నేనుంటాను."

"అంటే దుబాసీవా?"

"దుబాసీ అన్న మాట అన్నట్టు చెప్తాడు. నేను ఆ మాట వెనకున్న అవసరమేందో కనుక్కోవాలి."

తను ఇంకా వివరిస్తుంటే నాకు మన ఊరి సంగతే గుర్తొచ్చింది. కొండకు రోజుకు అరవై డెబ్బై వేలమంది వస్తారు. గంటలకొద్దీ కంపార్టుమెంట్లలో కూర్చున్నవాళ్లను అడిగితే, "హాలు ఇంకా పెద్దది కట్టండి, ఫ్యాన్లు పెంచండి" అంటారు. అది వాళ్ల కోరిక. అసలు బాధ మాత్రం దర్శనం ఎప్పుడవుతుందో తెలియకపోవడం. మన ఊళ్లో విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో ఇచ్చే టైం వేసిన టోకెన్లు ఆ రెండో దానికి జవాబు. టైం తెలిస్తే పిల్లల్ని పడుకోబెట్టుకుంటారు, గోవిందరాజస్వామి గుడికి పోయొస్తారు. మా ఇంటికి వచ్చే చుట్టాల్లో ఈ తేడా నేను కళ్లారా చూశాను.

"కరెక్టమ్మా, కానీ పని అక్కడితో అయిపోదు" అంది మా అమ్మాయి. రైలు లేటై టోకెన్ టైం దాటిపోతే? ఐదుగురిలో ఒకరి ఆధార్ పోతే? ఫోన్ లేని ముసలమ్మ ఒక్కతే వస్తే? కౌంటర్లో కూర్చునే మనిషికి వచ్చే చిక్కులేంది? ఇవన్నీ ముందే అడిగి, ఇప్పుడు పని ఎలా నడుస్తోంది, రేపు ఎలా నడవాలి అని బొమ్మ గీయాలి. తప్పనిసరి ఏది, ఉంటే మంచిది ఏది, ఇప్పటికి వద్దు ఏది అని వేరు చెయ్యాలి. ప్రోగ్రాం తయారయ్యాక, వాడేవాళ్ల చేతనే వాడించి చూడాలి.

ఇదంతా రాతలో పెట్టాలి. ఇక్కడ నా తెలుగు బీఏకి ప్రాణం లేచొచ్చింది. "60 ఏళ్లు దాటిన మగవాళ్లకి, ఆడవాళ్లకి రాయితీ ఇవ్వాలి" అని రాశారనుకోండి. 60 ఏళ్లు ఇద్దరికీనా, మగవాళ్లకేనా? చదివేవాడు ఎట్లా అనుకుంటే ప్రోగ్రాం అట్లా తయారవుతుంది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మాకు పాఠం చెప్పేవాళ్లు. పరీక్షకు బట్టీపట్టిన ఆ మూడు మాటలు కంపెనీల్లో డబ్బు మిగిలిస్తాయని అప్పుడెవరూ చెప్పలేదు. 'త్వరగా', 'సులభంగా' లాంటి మాటలు మా అమ్మాయి కొట్టేస్తుందట. ఎన్ని నిమిషాల్లో, ఎన్ని నొక్కుల్లో అని రాయమంటుందట.

ఇక కోర్సు సంగతి. ఈ వృత్తికి ఐఐబీఏ అని 2003లో కెనడాలో మొదలైన సంస్థ ఉంది. కొత్తవాళ్లకు ఈసీబీఏ అనే సర్టిఫికెట్ ఇస్తుంది. పెద్ద సర్టిఫికెట్ సీబీఏపీ కావాలంటే పదేళ్లలో కనీసం 7,500 గంటలు ఈ పని చేసుండాలి. గంటలు లెక్కపెట్టి అడిగే విద్య ఆరు నెలల్లో గ్యారంటీగా ఎట్లా వస్తుంది? పుస్తకం చదవాలి, ఎక్సెల్ రావాలి, కొంచెం ఎస్‌క్యూఎల్ వస్తే ఇంకా మంచిది. వాటికి గాజులు తాకట్టు పెట్టక్కర్లేదు. మిగతాదంతా మనుషుల మధ్య కూర్చుని నేర్చుకునేదే.

అందుకే మా అమ్మాయి చెల్లెలికి ఒక పని పెట్టింది. మా మరిదికి చిత్తూరులో చిల్లరంగడి ఉంది. "అప్పులు లెక్కేసే యాప్ కావాల" అని ఎప్పట్నుంచో అంటున్నాడు. యాప్ మాట పక్కన పెట్టి వారం రోజులు అంగడిలో కూర్చోమంది. జపాన్‌లో టయోటా వాళ్లు చేసినట్టు ఐదుసార్లు 'ఎందుకు' అని అడగమంది.

అప్పులు ఎందుకు వసూలు కావడం లేదు? నెలాఖరులో తగువు. ఎందుకు తగువు? "ఇన్ని సరుకులు మేం తీసుకోలేదు" అంటారు. ఎందుకంటారు? నిజంగానే వాళ్లకు తెలియదు. ఎందుకు తెలియదు? తీసుకుపోయింది కొడుకో, పనిమనిషో. మరి ఆ సంగతి పుస్తకంలో ఎందుకు లేదు? ఇంటి యజమాని పేరు తప్ప ఇంకోటి రాసే గడి లేదు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. పిల్ల పుస్తకంలో 'తీసుకున్నది ఎవరు' అని ఒక గడి గీసింది. మూడు వారాలకు తగువులు బాగా తగ్గాయి. ఖర్చు ఒక స్కేలు, ఒక పెన్ను.

ఆ వారం చూసినదంతా నాలుగు పేజీలు రాసింది. మొన్న ఒక ఇంటర్వ్యూలో పావుగంట ఆ అంగడి గురించే అడిగారట. ఉద్యోగం ఇంకా రాలేదు. మా చెల్లెలికి దిగులూ పోలేదు. కానీ గాజులు చేతికే ఉన్నాయి.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ దారి పడతామంటే, కోడింగ్ వచ్చా అని తర్వాత అడగండి. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే ఓపికుందా, విన్నది రెండర్థాలు రాకుండా రాయగలరా, అవి ముందు చూడండి. మా మరిది మాత్రం నిన్న ఫోన్లో, "మీ పిల్ల ఇప్పుడు పప్పు ఈ డబ్బాలో ఎందుకు పోసినావని కూడా అడగతాండాది వదినా" అన్నాడు. గొంతులో విసుగు కంటే గర్వమే ఎక్కువ వినబడింది.