దారి చూపమని అడగడం

కాలేజి సావనీరులో సైన్సు ఉంటుంది, సాహిత్యం ఉంటుంది, నిరుద్యోగ సమస్య ఉంటుంది. ప్రార్థన మాత్రం గుడి గోడల లోపలి సంగతి అని మనం పక్కన పెడతాము. కాని ఏ కోర్సులో చేరాలి, వచ్చిన ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా, ఇంటి బరువు మోయాలా చదువు సాగించాలా అనే ప్రశ్నలు కాలేజీలో తిరిగినన్ని మరెక్కడా తిరగవు. ఈ ప్రశ్నలు పట్టుకుని దేవుణ్ణి దారి అడగడం గూర్చే నా నాలుగు మాటలు. నేను పుట్టి పెరిగింది క్రైస్తవ కుటుంబంలో గనుక నాకు తెలిసిన సంగతులే చెబుతాను. ఇతర మతాల మిత్రులు తమ ఇంటి మాటల్లోకి మార్చుకుని చదువుకోవచ్చు.

మా ఇల్లు అఫ్జల్‌గంజ్‌లో ఒక గల్లీలో ఉండేది. ఒకటే గది, ముందర రేకుల వసారా. మా నాయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక సేటు దుకాణంలో చిట్టా రాసే గుమస్తా. అమ్మది మెదక్ వైపు పల్లె. 1914లో మొదలుపెట్టి 1924లో పూర్తి చేసిన మెదక్ చర్చి కట్టడంలో, కరువు రోజుల్లో జనానికి పని దొరికి కడుపు నిండిందని ఆమె పెద్దల నోట విన్నది. అందుకే కాబోలు, ఆమెకు దేవుడూ అన్నమూ వేరువేరు సంగతులు కావు. రాత్రి కుటుంబ ప్రార్థనలో కిరాయి, గాసునూనె, చెల్లెలి చెప్పులు, నా పరీక్ష ఫీజు అన్నీ వరుసగా వచ్చేవి. బయట లారీలు సరుకు దింపుతుంటే హమాలీల కేకల మధ్య ఆమె గొంతు సాగిపోయేది.

డిగ్రీలో చేరిన కొత్తలో నాకొక సందేహం కలిగింది. నక్షత్రాలను నడిపే దేవునికి మా గాసునూనె డబ్బాతో ఏం పని? అమ్మనే అడిగాను. "పెద్ద సంగతులు ఆయనకు చెప్పవలసిన పనేముంది బిడ్డా? ఆయనకు ఎరుకే. చిన్నయి చెప్పుకుంటేనే మనకు ఆయనతోని మాట అలవాటయితది" అన్నది. చదువుకోని ఆమె చెప్పిన ఈ మాట మీద నేను చాలాకాలం ఆలోచించాను.

మాట అలవాటు లేనివాళ్ళు అవసరం వచ్చినప్పుడు దగ్గర దారులు వెతుకుతారు. మన తెలుగు క్రైస్తవులకు డిసెంబరు 31 రాత్రి గుడిలో వాగ్దానపు కార్డు తీసుకోవడం చాలా ఇష్టం. కొందరు కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే జవాబు అంటారు. ఇంకొందరు గిద్యోను కథ చెబుతారు. అతడు గొర్రె బొచ్చు నేల మీద పరిచి, ఒక రాత్రి అది తడవాలని, మరునాడు అది తప్ప చుట్టూ నేలంతా తడవాలని దేవునికి షరతులు పెట్టాడు. దేవుడు రెండూ చేశాడు. మా అమ్మ అభిప్రాయం ఏమంటే, "గిద్యోను భయపడి అడిగిండు, దేవుడు ఓపిక పట్టిండు. ఆయన ఓపికను మనం పద్ధతి చేసుకోవద్దు." కార్డు తీసుకోవడం తప్పని నేననను. ఏడాది పొడుగునా ఒక మంచి మాట ఎదురుగా ఉండడం మంచిదే. కాని కార్డు మన బదులు ఆలోచించదు.

మన నగరంలో దేవుని నడిపింపు అనగానే పెద్దలకు గుర్తొచ్చే పేరు భక్త సింగ్ గారు. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంగ్లండులోను, కెనడాలోను ఇంజనీరింగు చదువుతూ, 1929లో క్రీస్తు విశ్వాసంలోకి వచ్చారు. 1933లో దేశానికి తిరిగివచ్చి సువార్తికులయ్యారు. తర్వాత హైదరాబాదులో గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గరి హెబ్రోను ఆయన పనికి కేంద్రమైంది. 2000 సెప్టెంబరు 17న ఈ నగరంలోనే కన్నుమూశారు. ఏ నిర్ణయానికైనా ముందు గంటల తరబడి మోకాళ్ళ మీద ఉండేవారని ఆయనను ఎరిగినవారందరూ చెబుతారు. అమ్మ మమ్మల్ని అప్పుడప్పుడు ఆదివారం అక్కడికి తీసుకుపోయేది. ఆ పొడవాటి ఆరాధన నా వయసుకు కష్టంగానే ఉండేది. నాకు బాగా నచ్చినది ఆ తరువాతి భాగం. అప్పటిదాకా ప్రార్థన చేసినవాళ్ళే లేచి, వచ్చినవారందరినీ వరుసల్లో కూర్చోబెట్టి అన్నం వడ్డించేవారు. ప్రార్థన ఎక్కడ ముగిసిందో, వడ్డన ఎక్కడ మొదలయిందో తెలిసేది కాదు.

ఇక మా ఇంటి సంగతి. 1981లో, నా బి.ఎస్‌సి. రెండో ఏడు నడుస్తుండగా, నాయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. మా ఇంటికి నడక దూరంలోని ఉస్మానియా ఆసుపత్రిలో చేర్పించాము. సేటు మంచి మనిషి. వారం ఆగి, "నాన్న కుర్చీ ఖాళీ పెట్టలేను. నువ్వు వచ్చి కూర్చో" అన్నాడు. కూర్చుంటే చదువు పోతుంది. కూర్చోకపోతే ఇల్లు గడవదు. చెల్లెలు అప్పుడు తొమ్మిదో తరగతి.

అమ్మ మూడు రాత్రులు ఉపవాస ప్రార్థన పెట్టింది. ఆకాశం నుంచి గొంతు వినిపించలేదు. కల రాలేదు. జరిగింది ఇంతే. మొదటి రాత్రి అమ్మ తన భయం దేవునితో చెప్పుకున్నది: కొడుకు చదువు ఆగితే జీవితాంతం తన మీద కోపం పెట్టుకుంటాడేమోనని. ఆ మాట ఆమె నాతో ఏనాడూ అనలేదు. రెండో రాత్రి చెల్లెలు, తాను బడి మానేస్తానని దేవునికి మాట ఇవ్వబోతే అమ్మ ఆపింది. మూడో రాత్రి వార్డులో నాయన మంచం పక్కన చేశాము. నాయన ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని, ముద్దముద్దగా, తాను ఏడో తరగతిలో బడి మానిన సంగతి చెప్పి, అది తనతోనే ఆగాలని ప్రభువును అడిగాడు. పక్క మంచం దగ్గర భర్తకు తోడున్న ఒక ముసల్మాను తల్లి కూడా దువాకు చేతులెత్తి, చివర మాతో పాటు ఆమీన్ అన్నది.

మర్నాడు నేను సేటు దగ్గరికి పోయి, పగలు కాలేజి, సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది దాకా చిట్టా, ఆవర్జా రాస్తానని, జీతం తగ్గించి ఇచ్చినా సరేనని అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

ఈ కథ విన్న నా హేతువాది మిత్రుడొకడు, "మీరు నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నా ఇదే తేలేది గదా, మధ్యలో దేవుడెందుకు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఏమంటే, ఒకే గదిలో పద్దెనిమిదేళ్ళు ఉండి కూడా మేము అలా కూర్చుని మాట్లాడుకోలేదు. ఒకరితో ఒకరం దాచుకున్నవి దేవుని ముందర దాచలేకపోయాము. దారి చూపించడమంటే నాకు తెలిసినంతలో ఇదే. మన కంటికి ఆనని మనుషులను ముందుగా కనబడేట్టు చేస్తాడు. తరువాత దారి దానంతట అదే కొంచెం తేటపడుతుంది.

ఇక్కడ ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. ఆ మూడు రాత్రులూ మేము నాయన చేయి బాగుకావాలని కూడా అడిగాము. అది కాలేదు. 1984లో ఆయన పోయాడు. ఆ ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి బతికారు. కొట్టుకుపోయినవారు వేలమంది. వాళ్ళు మాత్రం ప్రార్థించలేదా? ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు తనకు ఆ శ్రమ తప్పించమని అడిగితే, అదీ తప్పలేదు. కాని ఆయన లేచి, ఎదురు నడిచాడు. మూసీ వరద తరువాత కూడా జనం దుఃఖంతో ఆగిపోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. కొన్ని ప్రార్థనలకు జవాబు రాయీ సున్నమూ మోసే చేతుల్లోంచి రావలసి ఉంటుంది.

విద్యార్థి మిత్రులకు ఒక హెచ్చరిక కూడా. "దేవుడు నాతో చెప్పాడు" అనే మాట చాలా బరువైనది. ఆ మాటతో ఆడపిల్లల చదువులు మాన్పించినవారిని, ఇష్టంలేని పెళ్ళిళ్ళు చేసినవారిని నేను చూశాను. మనకు వచ్చిందనుకున్న నడిపింపును ఒక చిన్న ప్రశ్నతో పరీక్షించుకోవచ్చు: దీని ఖర్చు ఎవరి మీద పడుతుంది? సుఖం ఎప్పుడూ మనకు, కష్టం ఎప్పుడూ ఇతరులకు వస్తుంటే, మనం విన్నది మన గొంతే కావచ్చు.

ఈ రోజుల్లో అఫ్జల్‌గంజ్ నుంచి నాంపల్లి స్టేషనుకు దారి అడిగితే చేతిలోని ఫోను ప్రతి మలుపూ చెబుతుంది. దేవుడు అలా చెబుతాడని నేను మాట ఇవ్వలేను. నేను చెప్పగలిగింది ఒక్కటే. పెద్ద నిర్ణయం ఏదైనా ముందుకొస్తే, సంతకం పెట్టే ముందు పది నిమిషాలు కూర్చోండి. ఆ నిర్ణయం ఎవరెవరిని తాకుతుందో వారి పేర్లు ఒక్కొక్కటిగా పైకి అనండి. వీలైతే వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. తరువాత లేచి, కనబడినంత మేర నడవండి.