మాయింటి సవరనులు

సవరను పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. కోస్తా జిల్లాలలో కాసు బంగారమనగా నేటికిని 8 గ్రాములు. సవరను తూకము 7.98 గ్రాములు. ఇంగ్లండులో దీనిని మొదట 1489లో ఏడవ హెన్రీ వేయించెను. మనము చూచు రూపము మాత్రము 1817లో, మూడవ జార్జి కాలమున వెలువడినది. గుఱ్ఱమెక్కి సర్పభూతమును చంపు సెయింటు జార్జి బొమ్మను చెక్కినవాడు పిస్ట్రూచి యను ఇటలీ శిల్పి. అంతకుమున్ను చెల్లిన గినీ వెల 1717లో 21 షిల్లింగులుగా స్థిరపడెను. ఇరువది యనక ఇరువదియొకటి యేల యని మాకెప్పుడును వింతయే.

మా అమ్మమ్మగారి పెట్టెలో మూడు సవరనులుండెను. అక్క పెండ్లికి వానిని కరగించి గాజులు చేయింపవలెనని పెద్దలు తలచిరి. కరగించినపిదప చూచుటకేమియు మిగులదు గదా యని మేము భూతద్దము తెచ్చుకొని కూర్చుంటిమి. రెండింటికి హారమున గ్రుచ్చుటకై కొక్కెములు అతికించి యుండిరి. అతుకు వేసినచోట అంచు చెడును; అట్టివానిని సేకరించువారు కోరరు, తూకపు వెలయే వచ్చును. మూడవదానికి అతుకు లేదు. గుఱ్ఱపు కాళ్ల క్రింది నేలపై, 1918 అను అంకెలకు పైగా, 'ఐ' యను చిన్న ఆంగ్లాక్షరము కనబడెను. అది బొంబాయి గుర్తు! మొదటి ప్రపంచ యుద్ధకాలమున లండను టంకశాలకు అక్కడ శాఖ నెలకొల్పిరి. ఆ శాఖలో వేసిన సవరనులు 1918 ముద్రగా మాత్రమే వెలువడినవి. సుమారు 13 లక్షలు.

ఇది మిక్కిలి అరుదైనది కాదు. బంగారపు ధరపై కొంత హెచ్చు పలుకు నంతే. ఆ మాటయే నాన్నగారితో చెప్పితిమి. గాజులలో ఒక కాసు తగ్గిన తగ్గనిండని అక్కయే పలికెను. తక్కిన రెండును కంసాలి కడకు పోయినవి. మిగిలినదానిని అమ్మ కుంకుడురసముతో తోమబోగా మేము అడ్డపడితిమి. తోమిన గీతలు భూతద్దమునకు దాగవు, వెల తగ్గును.

ఒక్క యక్షరమునకింత పని యేమందురేమో. 1917 నాటి సవరనుపై పెర్తు, సిడ్నీ నగరముల గుర్తులున్నచో అది సామాన్యము. ఏ యక్షరమును లేనిది లండనులో వేసినది, మిక్కిలి యరుదు. ఆ యేటి లండను నాణెములు పెక్కులు అమెరికాకు పోయి కరగిపోయెనని చెప్పుదురు. దీనికి నకిలీలును కలవు గనుక, అక్షరము లేదని సంతసించుటకు ముందు త్రాసులో పెట్టి చూడవలెను.