పార్క్ లేన్‌కి వెళ్తే... పెళ్లి క్యాసెట్ మళ్లీ ఆడుతుంది!

పట్టుచీరలకు పోచంపల్లి, ముత్యాలకు పత్తర్‌గట్టి, పాత పుస్తకాలకు కోఠి. మరి కంప్యూటర్ విడిభాగాలకో? జంటనగరాల్లో ఎవర్నడిగినా చేయి చూపించేది ఒకవైపే... సికింద్రాబాద్ పార్క్ లేన్! అక్కడున్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఆటో ఎక్కి 'సీటీసీ' అంటే చాలు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, ముంబయికి లామింగ్టన్ రోడ్, బెంగళూరుకి ఎస్పీ రోడ్ ఎలాగో హైదరాబాద్‌కి ఇది అలాగన్నమాట.

పార్శీ పేరు... కంప్యూటర్ జోరు

చెనాయ్ అన్నది సికింద్రాబాద్‌లో పేరున్న పార్శీ కుటుంబం ఇంటిపేరు. నిజాం సికందర్ జా పేరుమీద 1806లో వెలిసిన ఈ కంటోన్మెంట్ ఊళ్లో పార్శీలు తొలినాళ్ల నుంచీ వ్యాపారాల్లో ఉన్నారు. దగ్గర్లోని మహాత్మాగాంధీ రోడ్డులో 1847 నాటి వాళ్ల అగ్ని దేవాలయం ఇప్పటికీ ఉంది. అలాంటి పాత పేటలో కంప్యూటర్ బజారు కుదురుకుంది. కంపెనీ కంప్యూటర్ కొనాలంటే మధ్యతరగతి జేబు భరించలేని రోజుల్లో, అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న కుర్రాళ్లకి పార్క్ లేనే దిక్కు. విడిభాగాలు కొని, అక్కడే బిగించుకుని, అట్టపెట్టెలో పెట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లిన 'అసెంబుల్డ్ సిస్టమ్'లు ఎన్ని ఇళ్లలో ఉండేవో!

లోపలికెళ్తే ఇరుకు వరండాలు. ఇద్దరు నిలబడితే నిండిపోయే దుకాణాలు. నేల నుంచి పైకప్పు దాకా మదర్‌బోర్డుల డబ్బాలు. ఒకచోట స్క్రూడ్రైవర్ తిరుగుతూ ఉంటుంది. ఇంకోచోట ఖాళీ చాయ్ గ్లాసు పక్కనే ప్రింటరు గుండె తెరిచి పెట్టి ఉంటుంది. తెలుగు, హిందీ, దక్కనీ ఉర్దూ కలగలిసిపోతాయి. 'క్యా హోనా భాయ్?' అని మొదలైన బేరం 'ఇంకో వంద తగ్గించన్నా' దగ్గర ముగుస్తుంది.

టీవీ కిందికి కంప్యూటరా?

ఆన్‌లైన్ అమ్మకాలు వచ్చాక ఇలాంటి బజార్లకి వచ్చేవాళ్లు మారిపోయారు. ఆటల కోసం ఖరీదైన కంప్యూటర్లు కట్టించుకునే కుర్రకారు ఒకవైపు. హాల్లోని టీవీకి కలిపేందుకు చిన్న కంప్యూటర్ అడిగే నడివయసు వాళ్లు ఇంకోవైపు.

సినిమాలు, సీరియళ్లే చూడాలనుకుంటే ఇంత శ్రమ అక్కర్లేదు. స్మార్ట్ టీవీయో, దానికి గుచ్చే చిన్న స్టిక్కో సరిపోతుంది. కానీ బీరువాలో పెళ్లి క్యాసెట్టు ఉన్న ఇల్లు వేరు. నామకరణం సీడీలు, పాత కెమెరా ఫొటోలు, ఫోన్లలో నిండిపోయిన పిల్లల వీడియోలు... ఇవన్నీ ఒక్కచోట చేరి ఇంటిల్లిపాదికీ పెద్ద తెర మీద కనిపించాలంటే టీవీ కింద ఓ కంప్యూటర్ ఉండాల్సిందే.

ఇక్కడ తొందరపడాల్సిన కారణం కూడా ఉంది. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016లో వాటిని ఆపేసింది. అంటే ఇప్పుడు ఆడుతున్న వీసీఆర్ ప్రతిదీ పాతదే. క్యాసెట్లోని టేపూ ముసలిదవుతోంది. బూజు పట్టిన టేపులో రంగులు వెలిసిపోతాయి, గీతలు పడతాయి. అందులో నవ్వుతున్న తాతయ్య మళ్లీ దొరకడు!

కౌంటర్ మీద లెక్క

దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న 'బడ్జెట్ ఎంత?' అని. దానికంటే ముందు 'దేనికి?' అన్నది చెప్పాలి. టీవీకి అంటే లెక్కే మారిపోతుంది.

ప్రాసెసర్: టీవీకి పెట్టే కంప్యూటర్‌కి వేరే గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే చాలు. ఇంటెల్ డెస్క్‌టాప్ రకాల్లో పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చవగ్గా వస్తుందని అది తీసుకుంటే టీవీలో బొమ్మే రాదు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 లాంటివి మదర్‌బోర్డుకే అతికి వస్తాయి. అది 6 వాట్ల తరగతి ప్రాసెసర్. ఫ్యాను లేకుండా నడిచే బోర్డులూ ఉన్నాయి. 4కె వీడియోని అలవోకగా ఆడిస్తుంది.

మదర్‌బోర్డు: అడగాల్సిన పేరు 'మినీ ఐటీఎక్స్'. పొడవూ వెడల్పూ 17 సెంటీమీటర్లే. టీవీ స్టాండ్ అరలో ఇట్టే ఇమిడిపోతుంది. వెనక ఉన్న హెచ్‌డీఎంఐ 2.0 రకమో ఆపైదో అయ్యుండాలి. పాత 1.4 రకం అయితే 4కె బొమ్మ సెకనుకు 30 ఫ్రేములకే పరిమితం. క్రికెట్‌లో బంతి కుదుపులతో కనిపిస్తుంది.

ర్యామ్, డిస్కు: 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి చిన్న ఎస్ఎస్‌డీ, వీడియోలు దాచడానికి పెద్ద హార్డ్‌డిస్కు... ఇలా రెండు వేర్వేరుగా ఉంటే మంచిది.

ఎస్ఎంపీఎస్: క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని నమ్ముకోవద్దు. ఎక్కువ వాట్లు అక్కర్లేదు, నాణ్యత కావాలి. '80 ప్లస్' గుర్తు చూడాలి.

క్యాబినెట్: ఇంటి నుంచి బయల్దేరేముందే టీవీ అర పొడవు, ఎత్తు, లోతు టేపుతో కొలిచి రాసుకోవాలి. వేడిగాలి పోవడానికి వెనక నాలుగు వేళ్ల సందు వదలాలి. చిన్న క్యాబినెట్‌లో పెద్ద కూలర్ పట్టదు. మామూలు ఎస్ఎంపీఎస్ కూడా పట్టకపోవచ్చు. అన్నీ ఒకే దుకాణంలో తీసుకుని, అక్కడే బిగించి చూపించమనడం మేలు. ఫ్యాను చప్పుడు మాత్రం దుకాణంలో తెలీదు. రాత్రి పదింటికి, హాల్లో తెలుస్తుంది!

కొనేశాక కోడి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫొటోలు, పాటలు, వీడియోలు వరసగా టీవీ మీదికొస్తాయి. 2014 దాకా దీని పేరు ఎక్స్‌బీఎంసీ. టచ్‌ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డు తీసుకుంటే సోఫాలోంచి లేవక్కర్లేదు.

మూడు గంటల క్యాసెట్... మూడు గంటల ఓపిక

క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి దగ్గరి దారి లేదు. ఆడే వీసీఆర్ ఒకటి సంపాదించాలి. దాన్ని యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌కి కలపాలి. అప్పట్లో పెళ్లిళ్లకి వాడిన 180 నిమిషాల క్యాసెట్ ఎక్కడానికి సరిగ్గా మూడు గంటలూ పడుతుంది. డీవీడీ నాణ్యతలో గంటకు సుమారు 4 జీబీ అనుకుంటే ఒక్కో క్యాసెట్‌కి 12 జీబీ. 2 టీబీ డిస్కులో 150కి పైగా క్యాసెట్లు పడతాయి. బంధువులందరి పెళ్లిళ్లూ ఒకే డబ్బాలో!

అయితే ఒకే డిస్కుని నమ్ముకుంటే కథ మొదటికొస్తుంది. అది పోతే అన్నీ పోయినట్టే. ఇంకో డిస్కులో నకలు తీసి, వేరే ఊళ్లో ఉండే అన్నయ్య దగ్గరో, ఆడపడుచు ఇంట్లోనో దాచితే నిశ్చింత.

వెళ్లేముందు...

మెట్రోలో వెళ్తే ప్యారడైజ్ స్టేషన్‌లో దిగొచ్చు. సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ నుంచి సుమారు రెండు కిలోమీటర్లు. బండి నిలిపే చోటు దొరకడం కష్టం కాబట్టి కారు ఇంట్లో ఉంచడమే నయం.

మొదటి దుకాణంలోనే కొనేయకుండా కనీసం మూడు చోట్ల కొటేషన్ రాయించుకోవాలి. భాగాల పేర్లు, మోడల్ నంబర్లు మూడింట్లోనూ ఒకటే ఉంటేనే ధరలు పోల్చడానికి వీలు. 'బిల్లు వద్దంటే తగ్గిస్తాం' అన్న మాట వినిపిస్తే ఒప్పుకోవద్దు. 18 శాతం జీఎస్టీ బరువే కానీ, వారంటీ అడగాలంటే ఆ కాగితమే ఆధారం. బిల్లులో సీరియల్ నంబర్లు ఉండేలా చూడాలి. వారంటీ కంపెనీదా, దుకాణానిదా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి.

ఇవన్నీ సర్దుకున్నాక ఓ పండగపూట అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఆ పెళ్లి వీడియో పెట్టి చూడండి. బంతిలో వడ్డిస్తూ హడావిడిగా తిరుగుతున్న ఓ కుర్రాణ్ని చూసి 'ఎవరమ్మా ఆయన?' అని మనవరాలు అడుగుతుంది. 'మీ తాతయ్యే' అని నాయనమ్మ చెబుతుంది. పార్క్ లేన్‌లో పెట్టిన ఖర్చుకి ఆ ఒక్క మాట చాలదూ!