మా మామ్మ

మా మామ్మ మొన్న మాఘమాసంలో, తొంభై ఆరో ఏట కాలం చేసింది. మనవలం ముగ్గురం మూడు ఊళ్ళనుంచి బయలుదేరినా ఆఖరి చూపుకి అందలేదు. పదోనాటికి చేరాం.

కోనసీమలో ఆవిడ కాపురం. తెల్లవారకుండా కాలవలో స్నానం, తులసికోట చుట్టూ ప్రదక్షిణలు, కార్తీకమంతా నక్తాలు. మడిబట్ట తాకితే మమ్మల్ని కసిరి వదిలిపెట్టేది. అంత పట్టింపు మనిషి, 1986 ఆగస్టులో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు వచ్చినవాళ్ళని ఏ కులమని అడగలేదు. వీధరుగులు చాలకపోతే దేవుడి గది ముందు వసారా కూడా ఇచ్చేసింది. ఏడాదికని గాదెలో ఉంచిన ధాన్యం తీయించి వండి వార్చింది. "మరి నీ మడో?" అన్నారు తాతయ్య. "గోదారమ్మే అందర్నీ ముంచి పంపింది. ఇంతకన్న స్నానం ఏముందండీ?" అంది.

లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవాళ్ళకీ అన్నం పెట్టేవారని మాకు చెప్పింది మామ్మే.

పన్నెండోనాడు లంకనుంచి ఒక ముసలమ్మ వచ్చి, "ఆ వరదలో మా పెద్దాడు ఈ అరుగుమీదే పుట్టాడు బాబూ" అని కళ్ళొత్తుకుంది. మామ్మ మాతో ఆ మాట ఎన్నడూ అనలేదు.

ఇక్కడ మన ఇళ్ళకి రావాలంటే ముందు ఫోను చెయ్యాలి. మేమూ అలాగే అలవాటుపడ్డాం. వచ్చే కార్తీక సోమవారాలు మాత్రం ఫోను చెయ్యకుండా రండి. మీకు విస్తరి వేసే ఉంటుంది.